కార్తహేనా మురుగు ఎటు పోవాలి?

కొలంబియా ఉత్తర తీరంలో, కరీబియన్ సముద్రం ఒడ్డున ఉన్న కార్తహేనా నగరంలో కొళాయి తిప్పితే వచ్చేది మగ్దలేనా నది నీరు. ఆ నది నగరం పక్కనుంచి పోదు. ఒక పాత కాల్వ దాన్ని ఇక్కడిదాకా తెస్తుంది. అదే ఇంట్లో స్నానానికీ, అంట్లు తోమడానికీ వాడిన నీరు మాత్రం ఉత్తర దిక్కుగా దాదాపు 20 కిలోమీటర్లు గొట్టాల్లో ప్రయాణించి, తీరం దాటి మరో రెండున్నర కిలోమీటర్లకు పైగా లోపలికి వెళ్లి, సముద్రం అడుగున బయటపడుతుంది. ఇంత దూరం ఎందుకు పోవాలి? పక్కనే ఉన్న ఉప్పునీటి సరస్సులో ఎందుకు కలపకూడదు? శుద్ధి చేసి దగ్గర్లోనే ఎందుకు వదలకూడదు? ఈ ప్రశ్నల మీద నగరం పదిహేనేళ్లకు పైగా తర్జనభర్జన పడింది.

మంచినీటి పథకానికి రిబ్బను కత్తిరించడానికి ఏ దేశంలోనైనా నాయకులు పోటీపడతారు. మురుగు పథకం శిలాఫలకం మీద పేరు కోసం కొట్టుకునేవారు తక్కువ. కానీ ఈ రెండింటినీ విడదీయలేం. ఇంజనీర్లు వేసే మోటు లెక్క ప్రకారం ఇంటికి చేరిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది. ఇంటింటికీ కొళాయి ఇచ్చి, మురుగు సంగతి తర్వాత చూద్దామని అనుకున్న ఊరు, తనకు తెలియకుండానే పక్కనున్న చెరువునో, కాల్వనో, సముద్రాన్నో మురుగుతొట్టిగా ఎంచుకున్నట్టే. కార్తహేనా కూడా మొదట అదే చేసింది.

1533లో స్పానిష్ వాళ్లు ఈ ఊరు కట్టినప్పుడు చూసుకున్నది రేవును. లోతైన అఖాతం, ఇరుకైన ప్రవేశమార్గాలు, శత్రువు నౌకలను ఆపడానికి అనువైన చోటు. తాగే నీటి వనరు మాత్రం దగ్గర్లో లేదు. అందుకే కోటల్లో, మఠాల్లో, పెద్ద ఇళ్ల ప్రాంగణాల్లో నేల కింద తొట్లు కట్టి, పైకప్పుల మీద పడిన వాననీటిని దాచుకున్నారు. పాత నగరంలో ఆ తొట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. 20వ శతాబ్దం మొదట్లో దగ్గరి తుర్బాకో గుట్టల ఊటల నుంచి గొట్టాల ద్వారా నీరు వచ్చింది. జనం పెరిగేసరికి అవీ చాలలేదు. అప్పుడు నగరం చూపు కాల్వ వైపు మళ్లింది.

ఆ కాల్వ పేరు కనాల్ దెల్ దికే. 1650లో తవ్వించారు. మగ్దలేనా నది మీదున్న కలమార్ ఊరి నుంచి కార్తహేనా అఖాతం దాకా సుమారు 115 కిలోమీటర్లు పోతుంది. మధ్యలో ఉన్న చిత్తడి మడుగులనూ పాయలనూ కలుపుతూ సాగిన పని కాబట్టి దీన్ని సగం మనిషి చేసిన కాల్వ, సగం ప్రకృతి ఇచ్చిన పాయ అనుకోవచ్చు. సరుకుల పడవల కోసం మొదలైన ఈ కాల్వే ఇవాళ పది లక్షల మంది దాహం తీరుస్తోంది. చిక్కేమిటంటే, ఆండీస్ కొండల్లో కోసుకుపోయిన మట్టినంతా మగ్దలేనా మోసుకొస్తుంది. కాల్వ నీరు కాఫీ రంగులో ఉంటుంది. అందుకే ఆ నీటిని నేరుగా శుద్ధి కేంద్రానికి పంపకుండా ముందు సహజమైన మడుగుల్లో నిలబెడతారు. బరువైన మట్టి అక్కడే కిందికి దిగిపోతుంది. ఆ తర్వాతే పటిక కలపడం, ఇసుక పొరల్లో వడగట్టడం, క్లోరిన్ వేయడం. ఈ మడుగులు పూడిపోతే పటిక ఖర్చు పెరుగుతుంది. నీటి బిల్లుకూ ఎక్కడో కొండల మీద నరికిన అడవికీ ఉన్న సంబంధం ఇక్కడ తెలుస్తుంది.

ఇదే మట్టి అఖాతంలోకి చేరి పగడపు దిబ్బల మీద మేట వేస్తోందని శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. దాన్ని అరికట్టడానికి కాల్వ మీద గేట్లు, లాకులు కట్టే భారీ పథకానికి 2022లో ఒప్పందం కుదిరింది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. కాల్వలోకి వదిలే నది నీరు తగ్గితే మట్టి తగ్గుతుంది, నిజమే. కానీ నది నీటి ఒత్తిడి తగ్గిన చోట సముద్రపు ఉప్పు కాల్వలోకి ఎదురెక్కుతుంది, నగరం నీరు తోడుకునేది ఆ కాల్వలోంచే. అందుకే దిగువన కూడా ఒక లాకు పెట్టాలని పథకం. ఎప్పుడు ఎంత నీరు వదలాలన్నదాని మీద పగడాలు, చేపలు, కొళాయిలు మూడూ ఆధారపడి ఉంటాయి.

ఇక పంపిణీ సంగతి. 1990ల మొదట్లో కార్తహేనా నీటి సంస్థ అన్ని విధాలా దెబ్బతిని ఉంది. నగరంలో నాలుగింట మూడు వంతుల మందికి మాత్రమే నీటి కనెక్షన్ ఉండేది, మురుగు కనెక్షన్ ఉన్నవారు ఇంకా తక్కువ. 1994లో కొలంబియా 142వ చట్టం తెచ్చి నీటి సేవల్లోకి ప్రైవేటు సంస్థలను అనుమతించింది. నగరం పాత మున్సిపల్ సంస్థను మూసేసి, స్పెయిన్‌కు చెందిన ఆగ్వాస్ దె బార్సెలోనాతో కలిసి కొత్త సంస్థ పెట్టింది. కొత్త మేయరు వచ్చాక ఒప్పందాన్ని తిరగదోడి, నగరపాలనకు సగం వాటా ఉండేలా కుదుర్చుకున్నారు. 1995లో ఆ మిశ్రమ సంస్థ పని మొదలుపెట్టింది. స్థానికులు దాన్ని అకువాకార్ అంటారు.

నీటి ప్రైవేటీకరణ అనగానే మనకు రెండు మూసపోసిన వాదనలు వినిపిస్తాయి. ఒకరికి అది సర్వరోగ నివారిణి, మరొకరికి పట్టపగలు దోపిడీ. కార్తహేనా ఈ రెండింటిలో దేనికీ సరిగ్గా ఒదగదు. నడిపింది ప్రైవేటు చేతులు, ఆస్తి నగరానిది, పెట్టుబడిలో పెద్ద భాగం ప్రజాధనం, అంతర్జాతీయ రుణాలు. 1999లో ప్రపంచ బ్యాంకు ఒక్కటే 8.5 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ప్రైవేటు భాగస్వామి డబ్బు మూటలతో దిగిపోలేదు, తెచ్చింది పనితనం. దశాబ్దం తిరిగేసరికి నీటి కనెక్షన్లు దాదాపు నగరమంతా పరుచుకున్నాయి. అది కూడా అంతర్యుద్ధం వల్ల పల్లెలు వదిలి పారిపోయి వచ్చినవారితో నగర జనాభా ఉబ్బిపోతున్న కాలంలో.

అలా వచ్చినవారు ఇళ్లు వేసుకున్నది సరస్సు గట్ల మీద, పల్లపు నేలల్లో, ఊరి శివార్లలో. నెల్సన్ మండేలా, ఎల్ పొసోన్ లాంటి బస్తీలు అలా పెరిగినవే. పట్టా లేని ఇంటికి అధికారికంగా కనెక్షన్ ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు, ఇవ్వకపోతే జనం ట్యాంకర్ల దగ్గర ఎక్కువ ధర పెట్టి కొనుక్కుంటారు. దీనికి సంస్థ ఒక మధ్యే మార్గం పట్టింది. బస్తీ అంచున ఒక పెద్ద మీటరు పెట్టి, అక్కడివరకూ నీరు అందించి, లోపల పంపకం, వసూలు బస్తీవాసులకే అప్పగించింది. ఇంటింటి కొళాయికి ఇది సాటిరాదు. అయినా ట్యాంకరు నీటితో పోలిస్తే ఖర్చులోనూ శుభ్రతలోనూ ఎంతో మెరుగు.

బిల్లు లెక్క కూడా చెప్పుకోవాలి. కొలంబియాలో ప్రతి ఇంటికీ ఒకటి నుంచి ఆరు వరకూ ఒక తరగతి ఉంటుంది. ఆదాయం అడగరు, ఇల్లు ఎలా ఉంది, వీధి ఎలా ఉంది అన్నది చూసి నిర్ణయిస్తారు. ఆ అంకె ప్రతి బిల్లు మీదా ఉంటుంది. ఒకటో తరగతికి 70 శాతం వరకూ, రెండో దానికి 40, మూడో దానికి 15 శాతం వరకూ రాయితీ ఇవ్వవచ్చు. నాలుగో తరగతి అసలు ధర కడుతుంది. ఐదు, ఆరు తరగతులూ, దుకాణాలూ, పరిశ్రమలూ అదనంగా చెల్లిస్తాయి. పేదలు ఎక్కువ, సంపన్నులు తక్కువ ఉన్న నగరంలో ఈ తక్కెడ దానంతటది తూగదు. తీరం వెంట ఎత్తైన అపార్టుమెంట్లు లేచిన బోకాగ్రాందె, దక్షిణాన మమొనాల్ పారిశ్రామికవాడ ఎంతో కొంత ఎత్తుకున్నా, మిగతాది ప్రభుత్వ ఖజానా పూడ్చాలి.

ఇంతవరకూ తేలిక భాగమే. అసలు తలనొప్పి మురుగు.

మురుగు గొట్టంలో నీరు ఒత్తిడితో పరుగెత్తదు, వాటాన్ని బట్టి, అంటే వాలును బట్టి పారుతుంది. ఎనిమిది అంగుళాల గొట్టానికి కిలోమీటరుకు సుమారు నాలుగు మీటర్ల వాటం ఉంటే గానీ చెత్త అడుగున పేరుకోకుండా కొట్టుకుపోదు. ఇప్పుడు కార్తహేనా నేల చూడండి. చాలా పేటలు సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. వీధి చివర మొదలైన గొట్టం అర కిలోమీటరు పోయేసరికే సముద్రమట్టం కంటే కిందికి దిగుతుంది. గొయ్యి తవ్వితే ఊట నీరు ఉబుకుతుంది. కందకం గోడలు కూలకుండా ఇనుప పలకలు దిగగొట్టి, పగలూ రాత్రీ నీళ్లు తోడుతూ గొట్టం వేయాలి. కొంత దూరం పోయాక మురుగును పంపుతో పైకి ఎత్తి, మళ్లీ వాటానికి వదలాలి. అందుకే ఇలాంటి ఊళ్లలో అడుగడుగునా పంపింగ్ స్టేషన్లు. కరెంటు పోయి, జనరేటర్ మొరాయించిందంటే మురుగు మ్యాన్‌హోళ్ల మూతలు తన్నుకుని వీధిలోకి వస్తుంది.

మరో శత్రువు కంటికి కనిపించదు. గొట్టాల అతుకుల్లోంచి సముద్రపు నీరు లోపలికి ఊరుతుంది. ఆ నీటిలో సల్ఫేట్ ఎక్కువ. గాలి ఆడని మురుగులో బ్యాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన దాని గుర్తు. ఆ వాయువు పైకి లేచి గొట్టం పైకప్పుకున్న తేమలో కలిసి, మరో రకం బ్యాక్టీరియా చేతిలో గంధకామ్లంగా మారుతుంది. వేడి దేశాల్లో ఈ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. కాంక్రీటు గొట్టం కింద చెక్కుచెదరకుండా ఉండి పైన మాత్రం తినేసినట్టు అవుతుంది; ఒకరోజు రోడ్డు కుంగిపోతుంది. తీరప్రాంత పథకాల్లో ప్లాస్టిక్ గొట్టాల మీద మోజు ఇందుకే.

సరే, మురుగును పోగుచేశాం. ఎక్కడ వదలాలి? 1990ల నాటికి నగరపు మురుగులో సుమారు 60 శాతం సియేనగ దె లా విర్హెన్‌లోకి పోయేది. నగరానికి తూర్పున, ఇసుక దిబ్బ వెనుక ఉన్న లోతులేని ఉప్పునీటి సరస్సు అది. మడ అడవులు, చేపలు, రొయ్యలు, వాటిని నమ్ముకున్న లా బొకియా మత్స్యకారులు. మిగతా మురుగులో ఎక్కువ భాగం అఖాతంలో కలిసేది. సముద్రపు నీరు ధారాళంగా వచ్చిపోతే సరస్సు ఎంతో కొంత తట్టుకునేది. కానీ ఇసుక దిబ్బ మీద వేసిన రోడ్డు సహజమైన ముఖద్వారాలను బిగించేసింది. చేపలు తేలాయి, కంపు విమానాశ్రయం దాకా కొట్టింది.

నెదర్లాండ్స్ సాయంతో 2000లో అక్కడొక తెలివైన నిర్మాణం వచ్చింది. ఇసుక దిబ్బను కోసి, గేట్లు పెట్టారు. వాటికి మోటార్లు అక్కర్లేదు. పోటు వేళ సముద్రం ఒక వైపు గేట్లను తనే తోసుకుని లోపలికి వస్తుంది. ఆటు వేళ సరస్సు నీరు మరో వైపు గేట్లను తెరుచుకుని బయటికి పోతుంది. సరస్సు లోపల కట్టిన పొడవైన గోడ వచ్చిన నీరు వచ్చినట్టే తిరిగి పోకుండా ఒక చుట్టు తిప్పుతుంది. సరస్సుకు ఊపిరి అందింది. అయితే మురుగు వచ్చిపడుతున్నంత కాలం ఇది వైద్యం కాదు, ఉపశమనమే.

ఇక్కడే పెద్ద వాదం నడిచింది. శుద్ధి కేంద్రం కట్టి ఆ నీటిని మళ్లీ సరస్సులోకో అఖాతంలోకో వదలాలా, లేక దూరంగా తెరచి ఉన్న సముద్రంలోకి పంపాలా? నగరం రెండోది ఎంచుకుంది. మురుగును పుంతా కనోవా అనే పల్లె సమీపానికి పంపు చేసి, సన్నని కన్నాల తిరుగుడు జల్లెడల్లో చెత్తనూ, ఆపైన ఇసుకనూ జిడ్డునూ తీసి, మిగతాది సముద్రం అడుగు గొట్టం ద్వారా సుమారు 20 మీటర్ల లోతులో వదలడం. 2013లో అది పనిచేయడం మొదలుపెట్టింది.

వినగానే ఒళ్లు జలదరిస్తుంది. జల్లెడ పట్టిన మురుగును సముద్రంలో పోయడమా! కానీ లెక్క వేసి చూడాలి. ఇళ్ల మురుగులో 100 మిల్లీలీటర్లకు మలసంబంధ బ్యాక్టీరియా కోటి దాకా ఉంటుంది. స్నానాలకు అనువైన నీటిలో అది 200 దాటకూడదని కొలంబియా ప్రమాణం. అంటే 50,000 రెట్లు తగ్గాలి. గొట్టం చివర వరసగా ఉన్న రంధ్రాల్లోంచి మురుగు చిమ్మినప్పుడు, ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైకి లేస్తూ చుట్టూ ఉన్న నీటితో కలుస్తుంది. ఆ కొద్ది నిమిషాల్లోనే నూరు రెట్లు పలచబడేలా రూపకల్పన చేస్తారు. కోటి కాస్తా లక్ష అయింది. మిగతా పని ఎండా, ఉప్పూ చేస్తాయి. వెచ్చని, ఎండ పడే సముద్రపు పైనీటిలో పదింట తొమ్మిది వంతుల బ్యాక్టీరియా చావడానికి కొద్ది గంటలు చాలు. ఒక విడతకు పదివేలు, రెండో విడతకు వెయ్యి, మూడో విడతకు వంద. ప్రవాహం సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో నేరుగా ఒడ్డుకే వస్తుందనుకున్నా, అంత దూరం రావడానికి ఎనిమిది గంటల దాకా పడుతుంది. గొట్టం పొడవు ఎంత ఉండాలన్నది తేలేది ఈ లెక్కతోనే. రాత్రి ఎండ ఉండదు కాబట్టి చావు నెమ్మదిస్తుంది. ప్రవాహం దిశ, వేగం రుతువుతో మారతాయి. అందుకే కాగితం మీది లెక్కకు సముద్రంలో ఏళ్ల తరబడి తీసిన కొలతలు తోడుండాలి.

ఆక్సిజన్ సంగతీ అంతే. లీటరు మురుగులోని కల్మషం కుళ్లడానికి 250 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలనుకుంటే, నూరు రెట్లు పలచబడ్డాక రెండున్నర చాలు. తెరచి ఉన్న సముద్రానికి అది భారం కాదు. కదలిక లేని సరస్సుకు ప్రాణాంతకం. మురుగు అదే, దాన్ని అందుకునే నీటిని బట్టి నష్టం మారుతుంది. కరీబియన్ దేశాల ఒప్పందం కూడా ఈ తేడాను పాటిస్తుంది. ఈ సముద్ర పర్యావరణ పరిరక్షణ ఒప్పందం 1983లో సంతకమైంది ఈ నగరంలోనే, పేరు కూడా కార్తహేనా ఒప్పందమే. దాని కింద 1999లో వచ్చిన ప్రోటోకాల్ పగడాలు, మడ అడవులు, స్నానాల తీరాలు ఉన్న నీటిని మొదటి తరగతిగా, మిగతాదాన్ని రెండో తరగతిగా విడదీసింది. ఇళ్ల మురుగులో కల్మషం మొదటి దానిలోకి లీటరుకు 30 మిల్లీగ్రాములు, రెండో దానిలోకి 150 దాటకూడదంది.

నా మట్టుకు నాకు కార్తహేనా ఇంజనీర్ల ఎంపిక తప్పనిపించదు. పూర్తిస్థాయి శుద్ధి కేంద్రానికి గాలి ఊదే యంత్రాల కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది, పోగుపడే బురదను ఎక్కడ పారబోయాలన్నది మరో సమస్య. డబ్బు లేక మూతపడ్డ కేంద్రం కంటే పనిచేసే గొట్టం నయం. కానీ ఈ వాదనలో ఒక లోపం ఉంది. నత్రజని, భాస్వరం ఎండకు చావవు, పలచబడతాయంతే. పరిశ్రమల నుంచి దొంగచాటుగా కలిసే లోహాలు కూడా అంతే. కాబట్టి గొట్టం వేశాక పని అయిపోదు. సముద్రాన్ని కొలుస్తూనే ఉండాలి, కొలిచింది బయటపెట్టాలి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంజనీరింగ్‌ది కాదు. పుంతా కనోవా, అర్రోయో దె పియెద్రా, మన్సనీయో పల్లెల్లో ఎక్కువమంది ఆఫ్రికన్ సంతతివారు, చేపల వేట మీద బతికేవారు. నగరం కడుపు నిండా వాడుకున్న నీరు తమ ముంగిట్లో తేలడం ఏమి న్యాయమని వారు అడిగారు. ఆనాటికి ఆ పల్లెల్లోనే భూగర్భ డ్రైనేజీ లేదు. 2004లో ఒక పౌర సంఘంతో కలిసి, ఈ పథకానికి అప్పిచ్చిన ప్రపంచ బ్యాంకు తనిఖీ మండలికి ఫిర్యాదు చేశారు. బ్యాంకు తన నియమాలు తానే పాటించిందా లేదా అని చూడటానికి 1993లో ఏర్పడిన స్వతంత్ర సంస్థ అది. ఫిర్యాదులో ఒక విచిత్రమైన అంశం ఉంది: బురద అగ్నిపర్వతాలు. ఈ తీరంలో నేల అడుగు నుంచి వాయువులతో కలిసి బురద పైకి తన్నుకొస్తుంది. కాస్త ఉత్తరాన తోతూమో దగ్గర పర్యాటకులు ఆ బురదలో మునిగి స్నానాలు చేస్తారు. అలాంటి నేల మీద గొట్టం వేస్తే అది విరగదని హామీ ఏమిటి అన్నది ప్రశ్న. మండలి విచారించి ఫిర్యాదులో కొన్నిటిని ఒప్పుకుంది, కొన్నిటిని తోసిపుచ్చింది. గొట్టం ఆగలేదు.

నగరాన్ని ఆనుకుని ఉన్న సరస్సు తేరుకోవడానికి మురుగు పోయింది ఊరి చివరి పేదల వైపే. సరస్సు గట్టున ఉన్నదీ పేదలే అన్న మాట నిజం, సంఖ్యలో వారు ఎన్నో రెట్లు ఎక్కువ అన్నదీ నిజం. అయితే పల్లెల్లో కొళాయిలు, డ్రైనేజీ పడటం గొట్టం కంటే ముందు జరగాల్సిన పని. అలాంటి పథకాల్లో వరస తప్పితే ఎంత మంచి లెక్క చూపినా ఎదుటివాడు నమ్మడు.

ఇక అందరూ వదిలేసింది వాననీటిని. కార్తహేనాలో మురుగు గొట్టాలు వేరు, వాన కాల్వలు వేరు. మురుగుకు బిల్లు ఉంది, దాన్ని చూసుకునే సంస్థ ఉంది. వాన కాల్వల బాధ్యత నగరపాలనది. వాటికి విడిగా బిల్లు లేదు, ఆదాయం లేదు. ప్రణాళిక ఏళ్ల తరబడి ఉంది, పూర్తి నిధులు మాత్రం కుదరలేదు. అక్టోబరు, నవంబరు వానలకు వీధి మునిగితే జనం చేసే పని ఒక్కటే: మ్యాన్‌హోల్ మూత ఎత్తేయడం. వాననీరు మురుగు గొట్టంలోకి దూకుతుంది, పంపులు ఆ ఉధృతిని ఎత్తలేవు, పల్లంలో ఉన్న ఇళ్ల మరుగుదొడ్లలోంచి మురుగు ఎదురుతన్నుతుంది. 2020 నవంబరులో ఐయోటా తుపాను వేళ నగరంలో చాలా భాగం నీట మునిగింది. బోకాగ్రాందెలో అయితే వాన అక్కర్లేదు. పెద్ద పోటు వచ్చిన రోజున సముద్రమే వాన కాల్వల్లోంచి ఎదురు నడిచి వీధిలోకి వస్తుంది. దానికి కాల్వల చివర ఒంటివైపు తెరుచుకునే కవాటాలు పెట్టాలి, తీరం గోడ ఎత్తాలి, వానా పోటూ ఒకేసారి వచ్చిన రాత్రి కోసం మళ్లీ పంపులు పెట్టాలి. ఆ పంపుల కరెంటు బిల్లు ఎవరి పద్దులో పడాలన్నది ఇంకా తేలాలి.